కంబి పట్టు

పద్నాలుగేండ్లుగా కంబి పట్టుకునే బతుకుతుండా.
అనంతపురం నుంచి కళ్యాణదుర్గం, పల్లెవెలుగు.
చేతిలో టిక్కెట్ల మిషను, భుజాన తోలుసంచి,
బ్రేకు పడినప్పుడల్లా
నా నడుము యాపక్క పొయ్యేదీ కంబికే తెలుసు.
అందుకే జబీను మొదటిరోజు
"పట్టుకోక్కా, భయపడాకు" అంటే నవ్వొచ్చింది.
ఆ నవ్వు నాలుగు నిమిషాలు నిలిచింది.

కమలానగర్‌లో టైర్ల షాపు మీద గది.
నేల నుంచి మిద్దె దాకా ఒక స్టీలు కంబి,
పక్కన ఇంకోటి. అంతే.
కిందనుంచి రబ్బరు వాసన, గాలిగొట్టం బుస్సుమనే చప్పుడు.
కిటికీలకు పాత దుప్పట్లు.
జబీను బెంగళూరులో నేర్చుకోనొచ్చింది.
ఇంట్లో జిమ్ అని చెప్పిందంట.
"జిమ్మే గదా, అబద్ధమేముండాది?" అంటాది.
అంటానే తలకిందులై, కాళ్ళు కత్తెర మాదిరి తెరిచి
గాల్లో కాసేపు ఊరుకుంటాది.
"ఇది మాత్రం జిమ్ము కాదులేక్కా."

ప్యాంటుతో ఎక్కబోయినా. జారినా.
మల్లా ఎక్కినా. జారినా.
"గుడ్డ జారతాదక్కా. తోలే పట్టుకుంటాది."
కప్పుకో, సర్దుకో, లాక్కో అని
నలభై రెండేండ్లు ఇన్నదాన్ని.
చెడ్డీ తొడుక్కోని నిలబడితే
నా తొడలు నాకే
పెండ్లిలో పలకరించని చుట్టాల మాదిరి కనపడినాయి.
ఎవరూ నన్ను చూళ్ళా.
లెక్చరర్ సుహాసిని అరచేతులకు సుద్దపొడి రాసుకుంటాంది.
టమేటా మండీలో లెక్కలు రాసే వన్నూరమ్మ
ఆ పొడికి తుమ్ముతాంది.

చిన్నప్పుడు మా ఊళ్ళో ఉట్ల పరస.
జిగురు పూసిన మాను, కొనన టెంకాయ,
ఒకరి భుజాల మీద ఒకరు మొగోళ్ళు,
జారేది, ఈలలు, మల్లా ఎగబాకేది.
వాళ్ళమీద పోసే నీళ్ళు మోసింది మేము.
ఎక్కినోడికి కొత్త పంచె.
మాకు ఖాళీ బిందె.
మనమెక్కితే ఏమైతాదవ్వా అని అడిగితే
"మాను ఎండిపోతాదే" అనింది.
అది నరికి తెచ్చిన మానే గదా అని
ఆ పొద్దు నాకు తోచలా.

పిక్కల మీద, తొడ లోపల కమిలిన మచ్చలు.
మొదట ఎరుపు, తర్వాత నేరేడు, తర్వాత పసుపు.
డిపో రెస్టు రూములో కుచ్చిళ్ళు సర్దుకుంటాంటే
గంగాదేవి చూసి పక్కకు పిలిచింది:
"మల్లా కొట్టినాడామే?"
కాదు, కంబి అన్నా. నమ్మలా.
నాకు ఆ మల్లా కాడ ఊపిరి ఆగింది.
ఎండాకాలం నిండుచేతుల రవికెలు కుట్టించుకున్న ఆ ఏడు
ఎవరికీ తెలీదనుకుంటి.
అందరికీ తెలుసన్నమాట.

మొన్న మంగళారం మిద్దె అందింది.
పైన ఇనుప బిళ్ళ చుట్టూ
తెల్లగా వేలిముద్రలు, సుద్దవి,
నాకంటే ముందు తాకినోళ్ళవి.
కొన్ని సన్నవి. ఒకటి బొటనేలు లేనిది.
ఎవరిదని అడగల్లనుకోని, దిగేలోపల మర్చిపోయినా.

దిగినాక జబీను పాట పెట్టింది.
"చాల్లే ఎక్కింది. ఇప్పుడు ఆడు."
నాకేం ఆట వస్తాది?
కండ్లు మూసుకోని రూటు తలుచుకున్నా.
టవర్ క్లాక్ కాడ నిదానం,
ఆత్మకూరు మలుపులో ఒళ్ళంతా ఎడమకు,
గొర్లమంద అడ్డమొస్తే నిలిచిపోవడం, వెన్ను విల్లు మాదిరి,
గుంత దాటినాక ఒక్కసారిగా తేలిక,
కంబి చుట్టూ సుట్టు, ఇంకో సుట్టు,
పాదాలు నేల అడగలా.
పాట అయిపోయినా వన్నూరమ్మ తుమ్మలా.
"యాడ నేర్చుకుంటివక్కా ఇది?" అనింది జబీను.
డ్యూటీలో అన్నా.

ఈ పొద్దు తెల్లారుజామున ఫస్టు ట్రిప్పు.
బస్సు ఖాళీ. డ్రైవరు టీకి పొయ్యినాడు.
సంచి సీటుమీద పెట్టి, కొంగు దోపి,
ఫుట్‌బోర్డు కాడి కంబి పట్టుకోని
ఒక కాలు లేపినా, ఇంకోటీ లేపినా.

కంబి కిర్రుమనింది.
నట్టు వదులైండాది.
సాయంత్రం మెకానిక్ రిజిస్టరులో రాయాల.